తీర్థానికి గ్లాసులు అక్కర్లేదు

మునీంద్రకు చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. తీర్థాన్ని భక్తితో పుచ్చుకున్నవాడికి పుణ్యం వస్తుంది, బాగుంది. మరి మనసులో ఇంకేదో పెట్టుకొని చేయి చాచినవాడికి కూడా అంతే పుణ్యం వస్తుందా? రాయచోటిలో ఉన్న రోజుల్లో ఒకసారి గుళ్ళో పూజారినే అడిగాడు. ఆయన ఉద్ధరిణె ఎత్తి పట్టుకొని, "ముందు నువ్వు పుచ్చుకో నాయనా, వెనక జనం ఉన్నారు" అన్నాడు. పద్నాలుగేళ్ళ కిందట కువైట్ వచ్చేటప్పుడు మునీంద్ర తన పెట్టెతో పాటు ఆ సందేహాన్ని కూడా విమానం ఎక్కించాడు.

ఇప్పుడతను దజీజ్‌లో ఒక గోదాములో స్టోర్‌కీపరు. భార్య రమాదేవి ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. అయిదేళ్ళ కిందట ఫర్వానియాలో కుటుంబాలకు మాత్రమే ఇచ్చే ఒక బిల్డింగులో, రెండో అంతస్తులో, ఒక గది, వంటిల్లు అద్దెకు తీసుకున్నారు. కూతురు తిరుపతిలో నర్సింగు చదువుతోంది. ఆ చదువు అయ్యేదాకా ఇద్దరి ఇఖామాల మీదా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డుల మీదా, చిన్న మరక కూడా పడకూడదు, ఉన్న గది పోకూడదు. మునీంద్ర దేవుడిని అడిగేది అంతకు మించి ఏమీ లేదు.

గది పోతుందనే భయం మాత్రం ఎక్కువ. అద్దె కాగితం అరబ్బీలో ఉంది. అందులో నాలుగో షరతు బయటి మగవాళ్ళను రానివ్వకూడదనే అని ఎవరో చెబితే నమ్మేశాడు. కింద కాపలా ఉండే ఈజిప్టు పెద్దాయనను అందరూ హారిస్ అంటారు. ఆయన ఎదురుపడితే మునీంద్ర సలాం చెప్పి, తలుపు మూరెడే తెరిచి, పక్కకు తిరిగి లోపలికి దూరేవాడు.

శ్రావణ మాసం. శుక్రవారం సెలవు. పొద్దున తొమ్మిదికి సత్యనారాయణ వ్రతం మొదలుపెట్టి, అయిదు అధ్యాయాల కథ చదివి, తీర్థప్రసాదాలు పంచి, పదకొండుకల్లా ముగించాలనుకున్నాడు. పిలవదలచుకున్నది సులైబియాలో లారీ నడిపే వెంకటిని. జగిత్యాల మనిషి, గోదాముకు సరుకు తెస్తాడు, మంచివాడు. గురువారం సాయంత్రం మునీంద్ర అతనికి ఫోనులో మాట రికార్డు చేసి పంపాడు.

"ఏమప్పా వెంకటీ, రేపు పొద్దున మా రూములో తీర్థం ఇస్తా ఉండాం. నీకు కావాల్సినోళ్ళను నలుగురిని తోడుకొని రా. సప్పుడు సేయాకండి. హారిస్ చూసినాడంటే బాగుండదు, చెప్పులు చేతిలో పట్టుకొని మెట్లెక్కండి. ఏమీ తినకుండా వస్తే ఇంకా మంచిది. ఒక్కొక్కరికి మూడుసార్లు పోస్తాం. గ్లాసులు గీసులు అక్కర్లేదు, చెయ్యి ఉంటే చాలు. పోయినసారి సప్పగా ఉండాదని మా పక్కింటోళ్ళు అన్నారు, ఈసారి మా రమాదేవి ఘాటుగా కలుపుతాది."

ఈ మాటల్లో ఒక్క అబద్ధం లేదు. ఘాటు పచ్చకర్పూరానిది, ఏలకులది. కానీ సులైబియాలో వెంకటి ఉండే క్యాంపులో తీర్థం అనే మాటకు ఒకటే అర్థం ఉంది. ఈ దేశంలో అది దొరకదు, దొరికించుకున్నవాడు దొరికిపోతాడు. కాబట్టి ఆ మాటను గొంతు తగ్గించే పలుకుతారు. వెంకటి ఆ రికార్డును మూడుసార్లు విని, గదిలో ఉన్న జలంధర్‌కు వినిపించాడు.

"అరే, మునీంద్రన్న గింత మనిషా! నిలువు బొట్టు వెట్టుకొని, శనివారం ఉపాసముంటడు గదరా!" అన్నాడు జలంధర్.

"గదే మరి. బొట్టు చూసి ఎవడన్న అనుమానపడ్తడా? పద్నాలుగేండ్లు ఊకెనే ఉన్నడా ఈడ?" అన్నాడు వెంకటి, గౌరవంగా.

శుక్రవారం తొమ్మిదికి ఇద్దరూ మరో ముగ్గురిని వెంటబెట్టుకొని బిల్డింగు ముందు దిగారు. చేతిసంచిలో సోడాలు, నిమ్మకాయలు, కారం పల్లీలు. చెప్పినట్టే చెప్పులు విప్పి చేత పట్టుకొని, మునివేళ్ళ మీద మెట్లెక్కారు. హారిస్ చూడకూడదనే పట్టుదలతో ఒక్కొక్కరుగా గోడకు అంటుకొని నడిచారు. అలా నడవకపోతే ఆయన తల కూడా ఎత్తేవాడు కాదు. అయిదుగురు కొత్త మగవాళ్ళు, చేతిలో చెప్పులు, సంచిలో గలగలమనే సీసాలు. దొంగలనుకోవాలో తాగుబోతులనుకోవాలో తేలక, హారిస్ పోలీసులకు ఫోన్ చేసి రెండూ చెప్పాడు.

పైన తలుపు తెరిచిన రమాదేవి సంచి అందుకొని చూసింది. "నిమ్మకాయలు తెచ్చినారే, ఎంత భక్తి! ఈ సోడాలు యాటికన్నా?"

వెంకటి లోపలికి తొంగి చూశాడు. పీట మీద కలశం, అరటి ఆకు, దేవుడి పటం, అగరొత్తుల పొగ. అతని మొహంలో వెలుగు నెమ్మదిగా తగ్గింది. "అన్నా, తీర్థం ఏదే?"

"కథ అయినాక ఇస్తాం గదప్పా. అయిదు అధ్యాయాలు. కూర్చో."

జలంధర్ వెంకటి చెవిలో, "కవరింగ్ మస్తు చేసిండు రా" అన్నాడు. ఇంకా ఆశ వదులుకోలేదు.

రెండో అధ్యాయం నడుస్తుండగా తలుపు తట్టారు. మునీంద్ర తెరిచేసరికి పోలీసు అధికారి, ఒక కానిస్టేబులు, హారిస్, వాళ్ళ వెనుక ఖాజా హుస్సేన్. ఖాజా హుస్సేన్‌ది కడప. బిల్డింగు కింద లాండ్రీలో ఇస్త్రీ చేస్తాడు, అరబ్బీ బాగా వచ్చు. ఇద్దరి మాటలూ తర్జుమా చేయడానికి అతన్ని పెనం లాంటి ఇస్త్రీపెట్టె దగ్గరనుంచి అలాగే లాక్కొచ్చారు. అధికారి కానిస్టేబులును హారిస్‌తో మేడ పైభాగం చూసి రమ్మని పంపి, గడప బయటే నిలబడి మాట్లాడాడు.

ఖాజా హుస్సేన్ తెలుగులో చెప్పాడు. "అన్నా, లోపల మందు ఉందని ఫిర్యాదు. ఆయన లోపలికి రావాలంటే చేతిలో కాగితం ఉండాలంట, లేదంటే నువ్వు రమ్మనాలంట. కాగితం లేదు. రమ్మంటావా? ఆలోచించి చెప్పు. రమ్మంటే వస్తాడు. వద్దంటే కాగితం తెచ్చుకొని వస్తాడు."

మునీంద్రకు తెలుసు. మందు కేసంటే వేలిముద్రలు తీసుకొని విమానం ఎక్కిస్తారు. కూతురి చదువు అక్కడే ఆగిపోతుంది. అయినా వ్రతం రోజున ఇంటిముందుకు వచ్చిన మనిషిని వెనక్కి పంపడం అతని చేత కాలేదు. "గడప కాడికి వచ్చినోళ్ళను రావొద్దని యెట్లంటామప్పా? రమ్మను."

అధికారి కాలు ఎత్తాడు. రమాదేవి అడ్డంగా నిలబడింది. "బూట్లు బయట ఇడిసిపెట్టమను. పీట మీద దేవుడుండాడు."

అధికారి ఆ కాలిని గాలిలోనే ఉంచి ఆలోచించాడు. ఇంటాయన రమ్మన్నాడు, ఇంటావిడ బూట్లను రావద్దంది. అంటే తనకు అనుమతి ఉంది, బూట్లకు లేదు. కిందికి వంగి బూట్లు విప్పి తలుపు పక్కన పెట్టి లోపలికి వచ్చాడు. పోలీసును చూడగానే జలంధర్ అడగకముందే లేచి నిలబడి, "భక్తి, సార్. ఫుల్ భక్తి" అన్నాడు. వెంకటి అప్పటికే వంటింట్లో బియ్యం డబ్బా వెనుక ఉన్నాడు.

అధికారి పీట మీది తీర్థం గిన్నె ఎత్తి వాసన చూశాడు. పచ్చకర్పూరం గుప్పున కొట్టింది. కనుబొమలు ముడిచాడు. "ఇదేమిటి?"

"చదివిన నీళ్ళు, సార్" అని ఖాజా హుస్సేన్ అరబ్బీలో చెప్పాడు. "మన పెద్దలు దుఆ చదివి ఇస్తారు చూడండి, అట్లాంటివి."

"నీళ్ళే అయితే ఇతన్ని తాగమను."

మునీంద్ర చేతులు జోడించాడు. "కథ పూర్తి కాకుండా తాగకూడదప్పా. పొద్దుననించి పచ్చి నీళ్ళు కూడా ముట్టలా."

ఖాజా హుస్సేన్ ఆ మాట చెప్పేసరికి అధికారి అనుమానం రెండింతలైంది. పన్నెండేళ్ళ ఉద్యోగంలో, నీళ్ళని చెప్పి నీళ్ళు తాగనన్న మనిషిని ఆయన చూడలేదు. "ఎంతసేపు పడుతుంది ఆ కథ?"

"ఇంకా మూడున్నర అధ్యాయాలు."

"జుమ్మా నమాజుకు నేను వెళ్ళాలి."

"అన్నా, నీకు దండం పెడతా, బిరబిరా చదువు" అన్నాడు ఖాజా హుస్సేన్. "ఇస్త్రీపెట్టె ఆర్పినానో లేదో గుర్తు లేదు నాకు."

మునీంద్ర చదివాడు. ఇంత వేగంగా ఎప్పుడూ చదవలేదు. వర్తకుడు ఓడ ఎక్కినవాడు ఎక్కినట్టే దిగాడు. ఖాజా హుస్సేన్ ముక్క ముక్కగా అరబ్బీలో చెబుతుంటే, చాప మీద కూర్చున్న అధికారి మూడో అధ్యాయం మధ్యకు వచ్చేసరికి, "మామను, అల్లుణ్ణి జైల్లో ఎందుకు పెట్టారు? విచారణ లేదా?" అని అడిగాడు. ఈ ప్రశ్న మునీంద్రకు ఎన్నడూ తట్టలేదు. ఆ రాజుగారి పోలీసులు ఎవరినీ ఏమీ అడగలేదని ఒప్పుకోవలసి వచ్చింది.

అందరూ కథలో ఉన్న ఆ సమయంలో వెంకటి వంటింట్లోంచి పాకుతూ గుమ్మం దాటాడు. తన చెప్పులు జలంధర్ చంకలో ఉండిపోయాయి. బయట ఆగస్టు ఎండకు వరండా పెనంలా కాలుతోంది. రెండడుగులు వేసి గెంతాడు. తలుపు పక్కన ఖాళీగా ఒక జత కనపడింది. ఎవరివా అని ఆలోచించే తీరిక ఆ అరికాళ్ళకు లేదు.

కథ ముగిసింది. మంగళహారతి అయింది. మునీంద్ర మూడుసార్లు తీర్థం పుచ్చుకొని, అధికారి ఎదుట నిటారుగా నిలబడ్డాడు. తర్వాత జలంధర్, మిగతా ముగ్గురూ వరుసగా చేయి చాచారు. జలంధర్ మొదటి ఉద్ధరిణెడు నోట్లో పోసుకున్నాడు. చప్పరించాడు. రెండోది పోసుకున్నాడు. మూడోదానికి అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సులైబియా నుంచి రెండు బస్సులు మారి, ఖాళీ కడుపుతో, గోడకు అంటుకొని వచ్చినందుకు చివరికి దొరికింది నిజంగానే నీళ్ళు. మిగతా ముగ్గురి మొహాలూ అలాగే వాడిపోయాయి.

అధికారి ఆ నాలుగు మొహాలనూ పరీక్షగా చూశాడు. "మందు కాదు" అన్నాడు తేల్చేసి. "ఇంత దిగులుగా మందు తాగేవాళ్ళను నేను ఎక్కడా చూడలేదు."

రమాదేవి దేవుడికి దండం పెట్టింది. అధికారి లేచి తలుపు దగ్గరికి వెళ్ళాడు. బూట్లు లేవు.

ఆయన తలుపుకు అటు చూశాడు, ఇటు చూశాడు. మేడ మీదినుంచి హారిస్‌తో దిగివచ్చిన కానిస్టేబులు తన కాళ్ళకేసి చూసుకొని, తనవి ఉన్నాయని రూఢి చేసుకున్నాడు. మందు కేసు పోయి దొంగతనం కేసు వచ్చింది. అది కూడా పోలీసు బూట్లు. అదే సమయానికి మునీంద్ర ఫోను మోగింది.

"అన్నా, నేను వెంకటిని" అని గుసగుసగా వినిపించింది. "కింద లాండ్రీల బట్టల ఎనుక కూసున్న. అన్నా, నా కాళ్ళకు పోలీసున్నడే!"

"రారా నాయనా, పైకి రా!"

"ఎట్ల రావాలె? ఏసుకొని రావాలెనా, చేతిల పట్టుకొని రావాలెనా? ఈసారి సక్కగ చెప్పన్నా!"

వెంకటి ఆ బూట్లు రెండు చేతుల్లో పళ్ళెంలా పట్టుకొని వచ్చి అధికారి ముందు పెట్టి, "ఇస్త్రీపెట్టె నేనే బంద్ చేసిన" అని ఖాజా హుస్సేన్‌తో చెప్పి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అధికారి బూట్లు తొడుక్కొని, జేబులోంచి పుస్తకం తీసి, కలం మూత తీశాడు. కలాన్ని ఖాళీ కాగితం మీద ఆనించి, మళ్ళీ ఎత్తాడు.

"రాయాలంటే రాయొచ్చు" అన్నాడు చివరికి, ఖాజా హుస్సేన్ చెబుతుండగా. "ఎక్కడ పోయాయని రాయాలి. ఎందుకు విప్పానని రాయాలి. విప్పి ఏం చేశానని రాయాలి. దాన్ని మా స్టేషన్లో అందరూ చదువుతారు." కలం మూత పెట్టేశాడు. "ఖలాస్. ఇక్కడ ఏమీ జరగలేదు. బూట్ల సంగతి అసలే జరగలేదు."

అప్పుడు హారిస్ ముందుకొచ్చాడు. "మరి అద్దె కాగితం? బయటి మగవాళ్ళు వచ్చారని ఓనరుకు చెప్పాలి కదా."

"అద్దె గొడవ నా పని కాదు, మీరూ మీరూ చూసుకోవాలి" అన్నాడు అధికారి. మునీంద్ర పటం వెనుకనుంచి కాగితం తీసి ఖాజా హుస్సేన్‌కు ఇచ్చాడు. గది నిలుస్తుందో పోతుందో ఆ కాగితంలో ఉంది. ఖాజా హుస్సేన్ నాలుగో షరతు మీద వేలు పెట్టి చదివాడు. మళ్ళీ చదివాడు.

"అన్నా, బాల్కనీలో గ్యాసు సిలిండరు పెట్టకూడదని ఉండాది."

"మగవాళ్ళ సంగతి?"

"యాడా లేదు. కొత్తోళ్ళను కాపురం పెట్టకూడదంట, అంతే. చుట్టాలు వచ్చి పోవచ్చు. అయిదేండ్లుగా దీన్ని చూసేనా భయపడినావు?"

అధికారి నవ్వి మెట్లు దిగబోతూ, హారిస్‌ను అడిగాడు. "ఇతను మంచివాడిలా ఉన్నాడే. ఎందుకు అనుమానపడ్డావు?"

హారిస్ మొహం తిప్పుకున్నాడు. ఆయన మెల్లగా చెప్పినదాన్ని ఖాజా హుస్సేన్ ఇంకా మెల్లగా తెలుగు చేశాడు. "వీళ్ళు వచ్చిన రోజు లిఫ్టు చెడిపోతే, ఫ్రిజ్జు పెద్దాయనే వీపు మీద మోసినాడంట. నువ్వు అప్పుడు 'బుక్రా, రేపు టీకి రా' అన్నావంట. అయిదేండ్లయింది, ఆ బుక్రా రాలేదంట. తలుపు కూడా నిండుగా తెరవలేదంట. లోపల ఏదో లేకపోతే మనిషి అట్ల ఎందుకుంటాడు అంటాడు."

మునీంద్ర తలుపు రెండు రెక్కలూ గోడకు తగిలేదాకా తెరిచి, హారిస్ చేయి పట్టుకొని లోపలికి తెచ్చి, పీటకు ఎదురుగా చాప మీద కూర్చోబెట్టాడు. రమాదేవి ఆకులో ప్రసాదం పెట్టి, పెద్ద గ్లాసులో టీ తెచ్చి ఇచ్చింది.

హారిస్ తొందరపడకుండా, అడుగు చుక్కదాకా తాగి, గ్లాసు కింద పెట్టి, అయిదేళ్ళ బాకీ తీరిందని, చక్కెర మాత్రం ఇంకా రెండు చెంచాలు రావలసి ఉందని చెప్పాడు.