చెంచా సాయం

పొద్దున్నే మాత్ర వేసుకుని, కడుపునిండా తిని, మామ కనకయ్యను తోడు తీసుకుని రుద్రంగి నుంచి కోరుట్ల పోవాలి. పన్ను పెట్టించుకోవాలి. సాయంత్రం దుబాయి ఫోన్ వచ్చేలోపు ఇల్లు చేరాలి. ఊర్మిల అనుకున్నది ఇంతే.

పోయిన నెల ఆమెకు ఫిట్స్ వచ్చినప్పుడు, పళ్ళు గిట్టకరుచుకుపోతాయని కనకయ్య ప్రేమకొద్దీ నోట్లో చెంచా పెట్టాడు. ఫిట్స్ వాటంతట అవే తగ్గాయి. ముందు పన్ను మాత్రం విరిగిపోయింది. దుబాయిలో ఉన్న భర్త దివాకర్ అది చూస్తే పని వదిలేసి వచ్చేస్తాడు. వస్తే ఇక్కడ పని లేదు. అందుకని వీడియో ఫోన్లలో మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెళ్ళాం అలిగిందనుకుని అతను, "నేనే వస్త తీ," అని మొదలుపెట్టాడు.

"తీసి పెట్టుకునే పన్ను నీకొద్దమ్మా. ఫిట్స్ వస్తే గొంతుల పడ్తది. అతికించేదే పెడ్త," అన్నది కోరుట్లలో పళ్ళ డాక్టరు సుమిత్ర.

ఆమె సూది చేతిలోకి తీసుకోగానే, గుమ్మంలో నిలబడి చూస్తున్న కనకయ్య కళ్ళు తిరిగి బయటి గదిలోకి పడ్డాడు. వయసంతా తాళ్ళెక్కి కల్లు గీసిన మనిషి.

"ఫిట్స్ పేషెంటు పడ్డడు," అన్నాడు డాక్టరు దగ్గర పనిచేసే జైపాల్. ఫిట్స్ మనిషి వస్తారని పొద్దున విన్నాడు. ఆడో మగో అడగలేదు.

"ఇనుము పట్టియ్యుండ్రి," అంటూ కూర్చున్నవాళ్ళంతా లేచి, బండ్ల తాళంచెవులూ ఇళ్ళ తాళంచెవులూ కనకయ్య గుప్పిళ్ళలో కుక్కారు. జైపాల్ తన టిఫిన్ డబ్బాలోంచి చెంచా తీశాడు.

చెంచా వద్దని చెప్పాలి. ఊర్మిల నోటినిండా దూది. "ఊఁ, ఊఁ," అంటూ చేతులాడించింది.

"అయ్యో, గామెకు సుత అచ్చినయ్," అన్నది దేవమ్మ అనే ముసలామె. మిగిలిన తాళంచెవులు ఊర్మిల చేతుల్లోకి వచ్చాయి. చేతులు నిండాక దూది తీసుకునే వీలు కూడా పోయింది. డాక్టరు బయటికి పోదామంటే గుమ్మం నిండా జనం. ఈలోపు చెంచా కనకయ్య నోట్లోకి పోయింది.

ఊర్మిల తాళంచెవులు విసిరేసి దూది ఉమ్మింది. "చెంచ తియ్యవయ్యా! నోట్లె ఏం పెట్టద్దు, పక్కకు ఒరిగియ్యాలె, గంతే. అయినా ఫిట్స్ నావి, ఆయనయి కావు."

అప్పుడే తెలివొచ్చిన కనకయ్య, నోట్లో ఉన్నదేమిటో తెలియక గట్టిగా కొరికాడు. చెంచాకేమీ కాలేదు.

సాయంత్రం ఊర్మిల కొంగు తీసి ఫోన్లో నిండుగా నవ్వింది.

"హమ్మయ్య, ఇగ నాకు రంది లేదు. ఇప్పట్ల రాను. బాపుకియ్యి," అన్నాడు దివాకర్.

కనకయ్య మూతికి తువ్వాల అడ్డం పెట్టుకుని ఫోన్ ముందుకొచ్చాడు.

"ఇగ నువ్వెందుకు అలిగినవ్ బాపూ?"