ఇది అభ్యాసం కాదు

లోకంలో ఎక్కడ ఏ ఆపద ముంచుకొచ్చినా, మిగతా సాధనాలన్నీ చేతులెత్తేసిన వేళ, మానవాళిని ఆదుకోగలిగింది ఔత్సాహిక రేడియో క్లబ్బు ఒక్కటేనని ఔత్సాహిక రేడియో క్లబ్బు ఏకగ్రీవంగా తీర్మానించింది. (హాజరైనవారు ఏడుగురు. ఇద్దరు కునుకు తీస్తున్నారు. నిద్రపోయేవారి ఓటు అనుకూలంగా లెక్కించాలని నియమావళిలో ఉంది.)

ఆ ఏడుగురిలో దర్జీ ఒకడు. కోట్లు కుట్టడంలో చేయి తిరిగినవాడు. పన్నెండేళ్ళుగా సభ్యుడు. సముద్రానికి అవతల ఉన్న ముక్కూమొహం తెలియని మనిషి ఎవరైనా "మీ మాట స్పష్టంగా వినబడుతోంది" అన్నాడంటే ఆ రోజంతా అతడి కాళ్ళు నేలమీద నిలిచేవి కావు. ఇంట్లో తను పిలిస్తే మాత్రం వినబడదేమని భార్య అడిగేది. ఆ ప్రశ్న కూడా అతడికి సరిగా వినబడేది కాదు.

క్లబ్బు గది సైకిల్ మెకానిక్ కొట్టుకి సరిగ్గా పైన, మొదటి అంతస్తులో ఉంది. ప్రతి శనివారం మధ్యాహ్నం అక్కడ అత్యవసర అభ్యాసం జరుగుతుంది. లోపలికి వెళ్ళే ముందు సెల్‌ఫోన్ వరండాలోని చెక్కపెట్టెలో వదిలెయ్యాలి. సెల్‌ఫోన్ రేడియోకి సవతి అని కార్యదర్శి మాస్టారి అభిప్రాయం. ముప్ఫై ఏళ్ళు టైపు నేర్పి రిటైరైన మనిషి ఆయన. ఏ అభిప్రాయమైనా మూడు ప్రతులు తీస్తేగానీ ఆయనకు నమ్మకం కుదరదు.

ఆ శనివారం గదికి వచ్చినవారు మాస్టారూ దర్జీ ఇద్దరే. మిగతా సభ్యులు ఎవరి ఇళ్ళలో వాళ్ళు రేడియోల ముందు కూర్చున్నారు. మాస్టారు తలుపు లాగి మూసేసరికి లోపలి పిడి ఊడి చేతిలోకి వచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బల్లమీద పెట్టి, రిజిస్టరులో "పిడి, ఒకటి" అని రాసుకున్నాడు. ఇక ఆ తలుపు బయటినుంచి ఎవరైనా తీయాల్సిందే.

సరిగ్గా అప్పుడు దర్జీకి గుర్తొచ్చింది. కొట్లో ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీయలేదు. ఆలస్యమైతే మూడు ప్రతుల్లో సంజాయిషీ రాయాల్సి వస్తుందని పరిగెత్తుకొచ్చే కంగారులో పెట్టెను అలాగే వదిలేశాడు, అదీ మర్నాడు పెళ్ళిపీటల మీద కూర్చోబోయే వరుడి కోటు మీద.

"మాస్టారూ, నా కొట్టు తగలబడిపోతుంది. ఎవరికైనా చెప్పాలి."

"చెబుదాం. మనం ఉన్నది అందుకేగా," అని మాస్టారు నింపాదిగా అత్యవసర సందేశ పత్రం తీశాడు.

పత్రంలో మొదటి గడి ఆపద రకం. వరద, తుఫాను, భూకంపం, అగ్నిప్రమాదం, ఇతరములు. దర్జీ అగ్నిప్రమాదం మీద వేలు పెట్టాడు.

"మంటలు కళ్ళారా చూశావా?"

"ఇక్కణ్ణుంచి ఎలా కనబడతాయి సార్?"

"అయితే ఇతరములు."

సందేశం పదిహేను మాటలు దాటకూడదు. దర్జీ చెప్పింది పదహారు వచ్చింది. మాస్టారు కాసేపు ఆలోచించి "దయచేసి" కొట్టేశాడు. ఆ తర్వాతే మైకు అతడి చేతికి వచ్చింది.

ఇది అభ్యాసం కాదని, తాము గదిలో ఇరుక్కుపోయామని, కొట్లో ఇస్త్రీపెట్టె కాలుతూ ఉందని దర్జీ గొంతు పగిలేలా చెప్పాడు. అభ్యాసాల్లో సహజత్వం ఉట్టిపడాలని అధ్యక్షుడు నిరుడే ఉత్తర్వు ఇచ్చి ఉన్నాడు. అప్పటినుంచీ ప్రతి అభ్యాసం "ఇది అభ్యాసం కాదు" అనే మాటతోనే మొదలవుతోంది. ఆ లెక్కన ఊరు ఇప్పటికి నలభైసార్లు మునిగింది, పదిసార్లు నేలమట్టమైంది.

సభ్యుల్లో పళ్ళ డాక్టరు ముందుగా స్పందించాడు. గొంతులో ఆ వణుకు తన దగ్గర పళ్ళు పీకించుకునేవాళ్ళకి కూడా రాదని మెచ్చుకున్నాడు. అధ్యక్షుడు లైన్లోకి వచ్చి, ఎప్పుడూ వరదలేనా, ఇస్త్రీపెట్టె ఊహ కొత్తగా ఉంది, ఇంకాస్త ఏడుపు కలిపితే పండుతుంది అన్నాడు. దర్జీ ఏడుపు కలిపాడు. అందరూ భేష్ అన్నారు.

ఇంతలో సముద్రం అవతలినుంచి ఒక గొంతు పలికింది. వచ్చీరాని భాషలో, మీ మాట స్పష్టంగా వినబడుతోంది, ఇక్కడ చిరుజల్లు పడుతోంది, నా యాంటెన్నా కొత్తది అని చెప్పింది. ఎత్తు ఎంత అని దర్జీ అడిగాడు. (ఎందుకు అడిగాడో అతడికి ఈనాటికీ తెలియదు.) పన్నెండు మీటర్లని తెలుసుకున్నాకే మళ్ళీ కోటు గుర్తొచ్చి, మైకు పడేసి కిటికీ తెరిచాడు.

"తమ్ముడూ! నా కొట్లో ఇస్త్రీపెట్టె ఆపు! షట్టర్ సగమే దించాను!"

కింద టైరుకి గాలి కొడుతున్న మెకానిక్ పంపు వదిలేసి ఆ సైకిలే ఎక్కి తొక్కుకుంటూ పోయాడు. దాని యజమాని వెనకాలే పరిగెత్తాడు. పావుగంటలో మెకానిక్ తిరిగొచ్చి, మెట్లెక్కి, తలుపు బయటినుంచి తీశాడు.

"ఆపేశానన్నా. కొట్టుకేం కాలేదు. కోటుకి మాత్రం వీపు లేదు."

దర్జీ గబగబా మెట్లు దిగబోయాడు. మాస్టారు అతడి భుజం తట్టి, కిటికీలోంచి మాట్లాడేటప్పుడు చివర "ఓవర్" అనడం మరిచావని మెల్లగా గుర్తుచేశాడు.

ఆ సాయంత్రం నుంచి తెల్లారేదాకా దర్జీ, భార్య కలిసి కోటుకి కొత్త వీపు కుట్టారు. వరుడికి అనుమానం రాలేదు.

తర్వాతి శనివారం సర్వసభ్య సమావేశంలో అధ్యక్షుడు మాట్లాడుతూ, క్లబ్బు చరిత్రలో ఇంత సహజమైన అభ్యాసం జరగలేదని కొనియాడాడు. దర్జీకి ఉత్తమ నటన సర్టిఫికెట్ ప్రకటించాడు. పన్నెండేళ్ళలో అతడు అందుకోబోతున్న మొదటి సర్టిఫికెట్ అది. అందించే ముందు మాస్టారు ఒక చిన్న తీర్మానం చదివాడు. లైసెన్సు లేని వ్యక్తితో, ఏ పరికరమూ లేకుండా, నోటితో నేరుగా సంభాషణ సాగడం క్లబ్బుకి మచ్చ కాబట్టి, అటువంటిది పునరావృతం కాకుండా సదరు కిటికీని ఇటుకలతో మూసెయ్యాలి.

అందరితోపాటు దర్జీ కూడా చెయ్యెత్తాడు. సర్టిఫికెట్ అప్పటికింకా అధ్యక్షుడి చేతిలోనే ఉంది.