బీరువాలో ఎవరూ లేరు

ఆ ఉదయం వార్తలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. బీరువాలోకి దూరాలి. మధ్యాహ్నం కూతురు వచ్చేలోపు ఒక రాజుగారి చేత రెండు మాటలు చెప్పించాలి. ఆ రెండు మాటలూ చెప్పిస్తే పుస్తకం పూర్తవుతుంది. పుస్తకం పూర్తయితే కూతురు బీరువా ఖాళీ చేస్తుంది. కనుక ఆ మాటలు చెప్పించకుండా ఉండడమెలా అన్నదే పథకంలో అసలు భాగం. ఆ భాగాన్ని మాత్రం ఆయన ఇంకా తనకు తాను చెప్పుకోలేదు.

ఆయన రేడియోలో వార్తలు చదివి రిటైరైన మనిషి. వరద వచ్చినా, ప్రభుత్వం పడిపోయినా, జంతుశాలలో ఏనుగుకు పిల్ల పుట్టినా ఒకే స్థాయిలో చదవగలడని ఆయనకు పేరు. వీధిలో అసలు పేరు పోయి వార్తలాయనే మిగిలాడు. ఇప్పుడు పుస్తకాలను గొంతుతో అమ్మే ఒక సంస్థకు నవలలు చదివిపెడుతున్నాడు. ఎవరింట్లో వాళ్ళు కూచుని చదవడం, దర్శకురాలు ఇంకెక్కడో కూచుని చెవులకు తగిలించిన ఫోన్లలోంచి తప్పులు చెప్పడం. అయితే మామూలు గదిలో గొంతు మోగుతుంది. చుట్టూ బట్టలుంటే మోగదు. పడకగదిలో గోడలోకి కట్టిన పెద్ద బీరువా ఉంది. దాన్నిండా పోయిన భార్య బట్టలున్నాయి. లెక్కల టీచరు ఆవిడ. ఊలు కోట్లు, శాలువాలు, జేబుల్లో అరిగిపోయిన సుద్దముక్కలు. వాటి మధ్య ముక్కాలిపీట వేసుకుని, తలుపు మూసుకుని చదివితే గొంతు చక్కగా, పొడిగా వచ్చేది.

"ఏడాది దాటింది నాన్నా, ఎవరికైనా ఇచ్చేద్దాం. వాటిని పెట్టుకుని కూచుంటే నువ్వు బాగుపడవు," అంది కూతురు.

"ఈ పుస్తకం అవనీ అమ్మా. ఉద్యోగం మాట."

ఉద్యోగం మాట అనేసరికి ఆ పిల్ల వాయిదా వేసింది. ఆయన ఆ పుస్తకాన్ని నెలల తరబడి నమిలాడు.

ఆ పుస్తకం ఒక ప్రేమనవల. ఇప్పటి కాలపు రాజు, చిన్న దేశం. రాణి పోయింది. రాజు మళ్ళీ మనిషవడానికి ఇరవై అధ్యాయాలు పట్టింది. రాజుకు దుఃఖపడే వేళలు చూసుకోవడానికి కూడా ఒక కార్యదర్శి ఉన్నాడు. రాణి బట్టలకు తాళం వేసి ఉంచుకోవడానికి కోటలో ఒక వైపంతా ఉంది. ఆ అధ్యాయం చదివినప్పుడు వార్తలాయనకు రాజు మీద నిజంగా ఒళ్ళు మండింది. అన్ని గదులుంటే ఎవడైనా ఏడుస్తాడు. తర్వాత రాజుగారి గుర్రానికి జబ్బు చేస్తుంది. గుర్రాల డాక్టరమ్మ వస్తుంది. ఆఖరి పేజీలో ఆమె పెట్టె సర్దుకుని గుమ్మం దాటబోతుంటే రాజు అంటాడు: "వెళ్ళకు. ఉండిపో."

అంతే. దానికోసం పొద్దుటినుంచీ పీట మీద కూచున్నాడు ఆయన.

"సార్, మీరు 'ఉండిపో' అన్నారు. నాకు 'తీరప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి' అన్నట్టు వినపడింది," అంది చెవిలో దర్శకురాలు.

"మళ్ళీ చెప్తాను."

"ఈసారి రాజుగా వద్దు సార్. ఒట్టి మనిషిగా చెప్పండి. ఆవిడ పెట్టె సర్దేసింది. ఇంకో అడుగు వేస్తే అయిపోయినట్టే."

"వెళ్ళకు. ఉండిపో."

"ఇప్పుడావిడ ఇంకాస్త తొందరగా వెళ్తుంది సార్."

చేతకాకనో, చేయాలని లేకనో ఆయనకే తెలియదు. ఆసుపత్రిలో ఆఖరి సాయంత్రం భార్య, "ఏదైనా చెప్పండి," అని అడిగింది. ఆయన గొంతు సవరించుకుని, రేపు ఆకాశం మేఘావృతమై ఉంటుందని చెప్పాడు. ఆవిడ నవ్వింది. మర్నాడు నిజంగానే మబ్బు పట్టింది. ఆయన చెప్పిన వార్త ఎప్పుడూ తప్పుకాలేదు.

గోడకు చెవులుంటాయంటారు. ఈ గోడకు చెవులతో బాటు ఫోను కూడా ఉంది. బీరువా వెనక గోడకు అవతల పక్కింటావిడ వంటింటి గట్టు. కొన్నాళ్ళుగా ఆవిడకు అటునుంచి రెండు గొంతులు వినపడుతున్నాయి. డాక్టరమ్మ మాటలకు వార్తలాయన గొంతు మెత్తగా చేసేవాడు కదా, అది రెండోది. ఈవేళ ఒక్క గొంతే. బతిమాలుతుంది, ఆగుతుంది, మళ్ళీ బతిమాలుతుంది. అవతలివాళ్ళు ఉలకరు, పలకరు. పక్కింటావిడ పొయ్యి కట్టేసి వార్తలాయన అక్కకు ఫోను చేసింది.

"వదినగారూ, కూచున్నారా? కూచోండి. మీ తమ్ముడింట్లో ఆడమనిషి ఉంది."

"పనిమనిషి అయ్యుంటుందమ్మా."

"పనిమనిషిని వెళ్ళకు, ఉండిపో అని బతిమాలతారా ఎవరైనా?" అని ఆవిడ క్షణం ఆలోచించింది. "బతిమాలతారనుకోండి. కానీ ఇలా కాదు."

"ఎలాంటి మనిషమ్మా?"

"డాక్టరట. గుర్రాల గురించి ఏదో అంటుండేది. గొంతు కాస్త మగరాయుడిలా ఉంటుందిగానీ మర్యాదస్తురాలే."

ఈ కబురు అక్క నోట్లోంచి ఆయన కూతురి చెవిలో పడేసరికి, పెద్దింటి డాక్టరు, సొంత గుర్రాలు, పెళ్ళికి తనవైపునుంచే బెట్టు అని తయారైంది. కూతురు మధ్యాహ్నందాకా ఆగకుండా ఆఫీసులో సెలవు చెప్పి, బట్టలకోసం ముందే తీసిపెట్టుకున్న ఖాళీ పెట్టెలు పట్టుకుని, దారిలో మేనత్తను ఎక్కించుకుని, తన దగ్గరున్న తాళంతో ఇంట్లోకి వచ్చేసింది. వెనకే పక్కింటావిడ వచ్చింది.

చెవులకు ఫోన్లున్న మనిషికి ఇదేమీ వినపడలేదు. మంచినీళ్ళకోసం అవి తీసి పీట మీద పెట్టి, బీరువా తలుపు తెరిచి కాలు బయటపెట్టాడు. ఎదురుగా ముగ్గురు ఆడవాళ్ళు. ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయి, తన వెనక తలుపు మూసేశాడు.

"ఇందులో ఎవరూ లేరు," అన్నాడు.

ఉన్నారని ఎవరూ అనలేదు.

"సిగ్గెందుకురా తమ్ముడూ?" అని అక్క దగ్గరికొచ్చి, మూసిన తలుపుతో మర్యాదగా మాట్లాడింది. "అమ్మా, డాక్టరుగారూ! లోపల గాలాడుతోందా? మేం ఏమీ అనుకోం, బయటికి రండి."

"అక్కా, నీకేమైనా మతిపోయిందా? అది…"

అది పుస్తకం అనబోయాడు. అప్పుడు కూతురి చేతుల్లో ఖాళీ పెట్టెలు కనిపించాయి. పుస్తకమంటే, ఎంతవరకూ వచ్చిందని అడుగుతుంది. ఒక్క వాక్యమే మిగిలిందని చెప్పాల్సి వస్తుంది. అదే లోపల ఒక ఆడమనిషి ఉంటే? పరాయి ఆడమనిషి దాక్కున్న బీరువాను ఏ మర్యాదస్తులు తెరుస్తారు?

"ఆవిడకు కాస్త మొహమాటం," అన్నాడు.

జన్మలో ధ్రువపడని వార్త చదవని మనిషి. మాట మాత్రం రేడియోలో వచ్చినంత నిబ్బరంగా వచ్చింది.

కూతురి కళ్ళు నీళ్ళతో నిండాయి. పెట్టెలు మంచం కిందికి తోసేసి, "ఉండనీ నాన్నా. ఈవేళ నేను బీరువా ముట్టుకోను," అంది.

గెలిచాననుకున్నాడు. ఆ గెలుపు ముందుగదిలోకి వెళ్ళేవరకే నిలిచింది. అక్కడ అక్క అప్పుడే ముహూర్తాలదాకా వెళ్ళిపోయింది. ఆలూ లేదు చూలూ లేదన్న సామెత ఆయనకు గుర్తొచ్చింది. ఆలు లేకపోవడమంటే ఏమిటో ఆ గదిలో అందరికన్నా బాగా తెలిసినవాడు తనే.

"ఇంకనుంచి నిద్రపోతాను అత్తా," అంటోంది కూతురు. "రాత్రి ఫోను మోగితే చాలు, నాన్నకేమైందోనని గుండె ఆగిపోయేది. ఎవరో ఒకరు తోడుంటే అదే చాలు."

వార్తలాయనకు ఆ మాట ఎక్కడో లోతుగా దిగింది. ఏడాదిగా ఈ పిల్ల ముఖంలో ఇంత తేట చూడలేదు. అదీ ఎవరివల్ల? లేని మనిషివల్ల. ఇప్పుడు నిజం చెబితే ఈ తేట పోతుంది. చెప్పకపోతే, బీరువాలోంచి ఒక డాక్టరును పుట్టించాలి. మనిషి మునిగిపోయేటప్పుడు మొదట చేతులు ఆడిస్తాడట. ఆయన నోరు ఆడించాడు.

"టీ తాగుతుందా?" అంది పక్కింటావిడ. "చక్కెర ఎంత?"

"అసలు వద్దు."

"నవ్వుతూ ఉంటుందా, ముభావమా?" అంది అక్క.

"ఎవరైనా లెక్క తప్పు చెబితే నవ్వుతుంది."

"అన్నిటికీ లెక్కేనా ఏంటి, డాక్టరయ్యుండి?"

"మెట్లు కూడా లెక్కపెడుతుంది. నడుస్తూ పైకి అనదు, వేళ్ళు కదులుతాయి. కోపమొస్తే కిటికీలు తుడుస్తుంది. నేను రేడియోలో… నా పాత వార్తల రికార్డు పెడితే మాత్రం నిద్రపోతుంది."

"బాగా కలిసొచ్చిందిరా నీకు," అని అక్క మురిసిపోయింది. "అచ్చం మనింట్లో పిల్లలాగే ఉంది. వెళ్ళి నచ్చజెప్పు. మాటలు దాచుకోకు. ఆడదానికి చెవులున్నది ఎందుకనుకున్నావు?"

కూతురు మాత్రం చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని తండ్రి ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆయన గమనించలేదు. లేచి వెళ్ళి బీరువాలో కూచుని తలుపు వేసుకున్నాడు.

"సార్, ఉన్నారా? ఇంట్లో చుట్టాలొచ్చినట్టున్నారు," అంది దర్శకురాలు. "ఆఖరుసారి ప్రయత్నిద్దాం. రాకపోతే రేపు."

రేపు. ఆ మాట ఎంత బాగుంది! ఎలాగూ రాదు. చీకట్లో మీదపడ్డ కోటు చేతిని పక్కకు జరపబోయాడు. ఊలు వేళ్ళకు తగిలింది. అటూ ఇటూ దారులన్నీ మూసుకుపోయాయని అప్పుడర్థమైంది. పుస్తకమైపోతే ఇవి వెళ్తాయి. పుస్తకం ఆగినా, డాక్టరమ్మకు చోటు కావాలని ఇవే వెళ్తాయి. తాను ఇప్పటిదాకా కాపాడిందేమీ లేదు. కోటు చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"వెళ్ళకు," అన్నాడు. "ఉండిపో."

అది రాజు గొంతు కాదు, వార్తల గొంతు కూడా కాదు. ఎవరిదో ఆయన ఆనవాలు పట్టలేకపోయాడు.

చెవిలో ఎవరో ముక్కు చీదిన చప్పుడు.

"అయిపోయింది సార్," అంది దర్శకురాలు.

"లేదు లేదు. బాగా రాలేదు. మధ్యలో ఊపిరి వినపడింది. ఇంకోటి తీద్దాం."

"వద్దు సార్. నేను ఏడుస్తున్నాను. పుస్తకం పూర్తయింది. అభినందనలు." ఫోను తెగిపోయింది.

ఇన్నాళ్ళూ రాని మాట, రాకూడదనుకున్న పూటే వచ్చింది. ఆయన చేసిన మంచిపనులన్నీ ఇలాగే, భార్య వినలేని సమయంలోనే జరిగాయి.

బీరువా తలుపు తెరుచుకుంది. కూతురు. ఆయన ఒళ్ళో ఉన్న కోటును, మైకును, పీటను వరసగా చూసింది.

"కాస్త జరుగు నాన్నా."

ఆయన జరిగాడు. ఆ పిల్ల వంగి లోపలికొచ్చి, నేల మీద మోకాళ్ళు ముడుచుకుని కూచుని, తలుపు లాగేసింది. ముందుగదిలోంచి అక్క పక్కింటావిడతో గుసగుసగా, కానీ వినపడేలా, "చూశావా, పిల్లే దగ్గరుండి మాట్లాడుతోంది. బంగారంలాంటి పిల్ల," అంటోంది.

"ఎవరూ లేరని ముందే చెప్పాను," అన్నాడు ఆయన చీకట్లో.

"చెప్పావు. కోపమొస్తే కిటికీలు తుడుస్తుందన్నప్పుడే నాకు తెలిసిపోయింది."

"నీకు కోపంగా ఉందా?"

"నీ పక్కన ఎవరో ఉన్నారని ఒక గంటసేపు సంతోషపడ్డాను. నాకు కోపం నామీదే. అమ్మ చోటు ఇంకొకరికి ఇచ్చేయడానికి నాకు గంట కూడా పట్టలేదు." ఆ పిల్ల కోటు అందుకుని ముఖానికి ఆనించుకుంది. గట్టిగా ఊపిరి పీల్చింది. ఇంకోటి తీసింది. తర్వాత శాలువా. "నాన్నా."

"ఊఁ."

"వీటిలో అమ్మ లేదు."

"అంటే?"

"వాసన. ఎక్కడా లేదు. అంతా నీదే. దగ్గుబిళ్ళలు, నీ తలనూనె, నువ్వు."

ఆయన కోటును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు. ఎవరి వాసన వారికి తెలియదు. దాన్నిబట్టే అర్థమైంది. నెలల తరబడి, పేజీ తర్వాత పేజీ, రాజు చేత డాక్టరమ్మను పిలిపించిన ప్రతి ఊపిరితోనూ, తానే భార్యను ఈ బీరువాలోంచి కొంచెం కొంచెంగా పంపించేశాడు. కూతురు చేయబోయే పని తాను ఎప్పుడో చేసేశాడు. అదీ తలుపు వేసుకుని మరీ.

"ఆ పెట్టెలు తే," అన్నాడు.

"ఈవేళ వద్దులే నాన్నా."

"తే అమ్మా. ఇవి నా బట్టలు. నాకు పట్టవు."

ఇద్దరూ కలిసి సర్దారు. ఎక్కువసేపు పట్టలేదు. మనిషిని పెట్టెలో సర్దడానికి ఎక్కువసేపు పడుతుందని ఆయన ఎందుకో ఊహించుకున్నాడు. ఆఖరున కూతురు కోటు జేబులోంచి ఒక సుద్దముక్క తీసి, ఏం చేయాలో తెలియక ఆయన చేతిలో పెట్టింది. అది పొడై ఆయన అరచేతి గీతల్లోకి దిగిపోయింది.

పెట్టెలు మోసుకుంటూ బయటికొచ్చేసరికి అక్క కొంగులో కళ్ళు ఒత్తుకుంటోంది. పక్కింటావిడ ముందుగదిలోకి వచ్చినప్పటినుంచీ వీధిగుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూచుని ఉంది.

"ఏమందమ్మా ఆవిడ?" అని ఆత్రంగా అడిగింది.

కూతురు తండ్రివైపు చూసింది. ఆయన నేలవైపు చూశాడు.

"వెళ్ళిపోయిందండీ," అంది.

"నాకు ముందే తెలుసు. అంత బతిమాలినా కరగని మనిషి ఏం కాపురం చేస్తుంది?" అంటూ పక్కింటావిడ లేచి, ఆ ఇంటికున్న ఒకే ఒక్క గుమ్మంలోంచి కుర్చీ పక్కకు జరిపి, పెట్టెలకు దారి ఇచ్చింది.