చార్జింగ్ ఎక్కని బండితో ఎన్ని లాభాలో

బ్యాటరీకి చార్జింగ్ ఎక్కని మోటార్‌సైకిల్ వీధికి ఒకటైనా ఉండాలని నా అభిప్రాయం. ప్రభుత్వమే సరఫరా చేస్తే మరీ మంచిది!

నవ్వకండి. బటన్ నొక్కగానే కదిలే బండి వల్ల మనిషికి ఒరిగేదేమిటి? దారిలో పలకరించేది ట్రాఫిక్ పోలీసు ఒక్కడే. అదీ ప్రేమతో కాదు.

నా బండి అలాంటిది కాదు. పొద్దున్నే సెల్ఫ్ నొక్కితే ‘టక్’ అంటుంది. ఆ తర్వాత మౌనం. ఆ ఒక్క చప్పుడుకే పై వాటా బ్యాంకు గుమాస్తా బనీనుతోనే దిగివస్తాడు. ఎదురింటి రిటైర్డ్ డ్రైవరుగారు చెప్పులు వెతుక్కుంటూ వస్తారు. నన్ను సీటు మీద కూర్చోబెట్టి ఇద్దరూ వెనక నుంచి తోస్తారు. ప్రమాణ స్వీకారానికి వెళ్ళే మంత్రికైనా ఇంత మర్యాద జరుగుతుందా?

“సెకండ్ గేర్ వేసి క్లచ్ వదలండి మాస్టారూ!”

“ఆయన్ని కంగారుపెట్టకు. ముందు నువ్వు తొయ్యి.”

“తోస్తున్నాను కదండీ! మీరే పట్టుకుని వాకింగ్ చేస్తున్నారు!”

బండి అందుకోకపోతే ఇంకా మేలు. ఆయాసం తీర్చుకుంటూ మాటల్లో పడతాం. ఒకరి నడుంనొప్పి, ఒకరి పిల్ల చదువు. చివరికి, “రాత్రి ఏం తిన్నారు మాస్టారూ?” మా ఆవిడ పోయాక నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. పాడైన బండి పుణ్యమా అని ఆ భాగ్యం కలిగింది.

ఇంతలో డ్రైవరుగారు ఒక మెకానిక్‌ను వెంటబెట్టుకొచ్చారు. అంతకుముందు చూసిన మెకానిక్‌లు పెద్దమనుషులు. ఏమీ చూడకుండా కొత్త బ్యాటరీ వేసి పంపేవారు, అదీ కొన్నాళ్ళకే పడుకునేది. ఇతను మాత్రం మీటరు తీశాడు! ఇంజిన్ ఆపి చూశాడు. స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ ఇచ్చి చూశాడు. అంకె పెరగలేదు. కాయిల్ కూడా పరీక్షించాడు.

“బ్యాటరీ తప్పేం లేదు బాబాయ్. కాయిలూ బానే ఉంది. రెగ్యులేటరు పోయింది. ఇంజిన్ నడుస్తున్నా బ్యాటరీకి ఏమీ అందట్లేదు. పాపం, ఉన్నదంతా ఇచ్చేసి పడుకుంటోంది.”

“అలాగే వదిలేస్తే?”

అతను నన్ను ఎగాదిగా చూసి, రెగ్యులేటరు మార్చేశాడు.

ఇప్పుడు బండి ఒక్క నొక్కుకే అందుకుంటోంది. గుమాస్తా మెట్ల మీంచి చెయ్యి ఊపుతాడు. డ్రైవరుగారు చదివే పేపరు దించరు. వాళ్ళ తప్పేముంది? బండి బాగుంటే మనిషీ బాగున్నట్టే కదా! ఒకవేళ కాదేమోనని పెట్టి చూడడానికి మనుషులకు మీటర్లు లేవాయె.

నిన్న పొద్దున సీటు ఎత్తి, ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను. సెల్ఫ్ నొక్కాను. ఈసారి ‘టక్’ కూడా అనలేదు, నేనే పైకి వినబడేలా నిట్టూర్చాను.

పైన తలుపు తెరుచుకుంది.

“మళ్ళీనా మాస్టారూ!”

“మళ్ళీనే నాయనా,” అన్నాను, వీలైనంత విచారంగా.