పద్నాలుగో వార్డు

పొద్దున ఆరు గంటల బస్సెక్కి వేలూరులో చక్కెర పరీక్ష ముగించుకుని, మధ్యాహ్నానికల్లా గుడియాత్తం తిరిగొచ్చి పార్టీ కూటానికి హాజరు కావాలన్నది ఆదిమూలం ఏర్పాటు. మునిసిపాలిటీ ఎన్నికలకు పేర్లు అనుకునేది ఆ సమావేశంలోనే. అరవై ఆరేళ్ల మనిషి. నలభై ఏళ్లుగా లుంగీలు నేస్తూ, అంతకంటే శ్రద్ధగా పార్టీ జెండాలు కడుతూ వచ్చాడు. ఆయన పేరు మాత్రం ఒక్కసారీ జాబితాకు ఎక్కలేదు.

పరీక్షకు గట్టిగానే తయారయ్యాడు. మూడు రోజులుగా మజ్జిగ తప్ప మరేమీ ముట్టలేదు.

చిత్తూరు వైపు నుంచి వచ్చిన డాక్టరమ్మ కాగితం చూసి తలెత్తింది. "ఈ పొద్దుటి చక్కెర బాగుండాది పెద్దాయనా. మూడు నెలల సగటే తొమ్మిదిన్నర ఉండాది. ఏడు దాటకూడదు."

"మూడు నెలల కిందట తినింది రత్తానికి ఇంకా జ్ఞాపకం ఉంటాదామ్మా?"

"ఉంటాది. మెడ దగ్గర రక్తనాళంలో కొవ్వు కూడా పేరుకుంది. గుండె కూడా చూడాల. ఈ రోజుకు ఇక్కడే ఉండండి."

తోడొచ్చిన భార్య తంగమ్మ వెంటనే పక్కింటి సుందరరాజులుకు ఫోన్ చేసింది. "అన్నా, మేము కూటానికి రాలేమని సెయలాళరు గుణశేఖరానికి చెప్పు. ఈయనకు వేలూరులో వార్డు ఇచ్చేసినారు. పద్నాలుగు." అంతలో ఫోన్‌లో చార్జి అయిపోయింది.

గుడియాత్తంలో పద్నాలుగో వార్డంటే వాళ్ల వీధే. వేలూరంటే పార్టీ జిల్లా ఆఫీసు. సుందరరాజులు దుకాణం మూసి, బజారంతా తిరిగి చెప్పాడు.

ఆ వార్డును బామ్మర్దికి ఇప్పించుకోవాలని చూస్తున్న పట్టణ కార్యదర్శి గుణశేఖరం నీరుగారిపోయాడు. జిల్లా వాళ్లే ఇచ్చాక కాదనేదెవరు? వీధిలో టపాకాయలు పేలాయి. ఆ సంగతి విన్న జిల్లా వాళ్లు, ఊరంతా కోరుకుంటున్న మనిషి కాబోలనుకుని ఆదిమూలం పేరు రాసేశారు.

గుండెకు ముప్పు లేదని, మందులు మానకుండా రోజూ నడవమని చెప్పి మర్నాడు ఆయన్ని పంపేశారు. బస్టాండులో దిగీ దిగకముందే గుణశేఖరం పొన్నాడ శాలువా కప్పాడు.

"అయ్యో, వార్డంటే ఆసుపత్రి వార్డప్పా!" అని అరిచాడు ఆదిమూలం.

డప్పుల మోతలో సుందరరాజులుకు సగమే వినబడింది. "మన వార్డుకు ఆసుపత్రి తెస్తాడంట!" అని వెనక్కి తిరిగి కేకేశాడు. ఈలలు మిన్నంటాయి. ఆదిమూలం మెడలో పూలదండ పడింది. నలభై ఏళ్లలో మొదటి దండ. రెండోసారి చెప్పబోయాడు గానీ, గొంతు అంత పెద్దగా రాలేదు.

కోర్టు కేసులతో ఎన్నికలు రెండుసార్లు వాయిదా పడ్డాయి. మూడు నెలలు ఆయన మగ్గాల వీధులన్నీ కాలినడకన తిరిగాడు. ప్రతి ఇంట్లో కాఫీ ఇస్తుంటే వెనకనుంచి తంగమ్మ, "చక్కెర లేకుండా ఇయ్యండమ్మా" అనేది. నూరడుగులకే పట్టేసే పిక్కలు పట్టడం మానేశాయి. పోలింగుకు వారం ముందు పరీక్ష చేయిస్తే సగటు ఆరు పాయింటు ఎనిమిది వచ్చింది.

"ఏం చేసినారు?" అంది డాక్టరమ్మ ఆశ్చర్యంగా.

"ఓట్లడిగినానమ్మా."

ఎన్నికలో ఓడిపోయాడు, ఒక్కటంటే ఒక్క ఓటుతో. రెండుసార్లు మళ్లీ లెక్కబెట్టినా అంతే. అరుగు మీద కూలబడి, "ఆ సుందరరాజులే ఏసుండడు!" అని పళ్లు కొరికాడు.

"పాపం, ఆయన్ననొద్దు" అంది తంగమ్మ బియ్యం ఏరుతూ. "ఏయనిది నేను."

ఆదిమూలం అరుగు మీంచి లేచి నిలబడ్డాడు.

"అవతలాయనకు ఏసినా. నువ్వు గెలిస్తే కుర్చీలో కూర్చోని వడలు, జిలేబీలు తింటావు. నడిచేది యాడుండాది? నాకు కౌన్సిలరు వద్దయ్యా, మొగుడు కావాల."

తర్వాతి ఎన్నికలకు ఇంకా అయిదేళ్లుంది. ఆదిమూలం మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని ప్రచారం మొదలుపెట్టాడు. మొదటి ఓటు ఇంట్లోనే అడిగాడు.