సంచి సర్దడానికి ఏడు నిమిషాలు

సంచి సర్దడానికి మంత్రిగారు నాకు ఏడు నిమిషాలు మంజూరు చేశారు.

రెండు చొక్కాలు, ఒక పైజామా, తువ్వాలు, పళ్ళపొడి, కళ్ళజోడు పెట్టె, కాగితంలో చుట్టిన సబ్బు. ప్రారంభోత్సవం నాడు వేదికమీద ఇదే సర్ది చూపించాలి కాబట్టి, రిహార్సలు కోసం స్మారక భవనం డైరెక్టరుగారు స్టాప్‌వాచీ పట్టుకుని మా వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. నేను ఏ వస్తువైనా పెట్టాక మళ్ళీ తీసి చూస్తాను, అది నిజంగా పెట్టానా లేదా అని. ఆ అలవాటు వల్ల సబ్బు దగ్గరకు వచ్చేసరికి ఆరు నిమిషాల నలభై సెకన్లు గడిచిపోయాయి.

"సబ్బు తీసేద్దామా అమ్మగారూ? టైము కలిసొస్తుంది."

"సబ్బు లేకుండా మా అన్నయ్య జైలుకు వెళ్ళడండీ."

ఆయన కాసేపు ఆలోచించి, ఆ మాటలో చరిత్ర ఉందని నోటుబుక్కులో రాసుకున్నారు. సబ్బు ఉండిపోయింది.

సంగతేమిటంటే, మా అన్నయ్యను జాతి ఒక్క క్షణం కూడా మరచిపోలేదని మంత్రిగారు క్రితం నెల పత్రికల్లో ప్రకటించారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా మరచిపోకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి ఆయన మీద గౌరవం కలిగింది. ఆ ప్రకటనలో మా అన్నయ్యను గొప్ప న్యాయవాది అన్నారు. అన్నయ్య గడియారాలు బాగుచేసేవాడు. ఆ సంగతి డైరెక్టరుగారికి చెబితే, న్యాయవాది అని ఇప్పటికే రాతిమీద చెక్కించేశామని, గడియారాల పనిని ఆయన హాబీ కింద చూపిస్తామని అన్నారు.

ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ, ఆ రోజుల్లో ఆఫీసులన్నిటికీ రెండు తలుపులుండేవి. ముందు తలుపు కొందరికి, వెనక తలుపు మాలాంటి వాళ్ళకు. పోస్టాఫీసు, ఆసుపత్రి, కోర్టు, అన్నీ అంతే. అన్నయ్య ప్రతి సోమవారం కొట్టు మూసేసి, పదిమందిని వెంటబెట్టుకుని, ఏదో ఒక ఆఫీసు ముందు తలుపు దగ్గర నిలబడేవాడు. గొడవ చేసేవాడు కాదు. టైము చూసుకుంటూ నిలబడేవాడు. పోలీసులు తీసుకుపోయేవారు. అలా పదకొండుసార్లు వెళ్ళి పదకొండుసార్లు వచ్చాడు.

ప్రతిసారీ సంచి నేనే సర్దేదాన్ని. మూతికి గుడ్డపీలిక మూడు చుట్లు తిప్పి ముడి వేసేదాన్ని. నాది ఎడమచేతి వాటం, ఆ ముడి ఇంకెవరికీ రాదు. అన్నయ్య తిరిగొచ్చాక సబ్బు చూసేదాన్ని. జైల్లో ఉన్నా, లాకప్పులో ఉన్నా సాయంత్రం ఆరింటికి ఆయనకు స్నానం పడాలి. నీళ్ళు ఇవ్వకపోతే ఇచ్చేదాకా ప్రతి పావుగంటకూ టైము చెప్పేవాడట. వాళ్ళే విసుగెత్తి బకెట్టు తెచ్చి పెట్టేవారు. అందుకని సబ్బు ఎంత అరిగిందో చూసి ఎన్ని రోజులు ఉంచారో చెప్పగలిగేదాన్ని. నేను బడికి వెళ్ళలేదు. పొట్లాలు కట్టి వచ్చిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. నా లెక్కలు సబ్బుతో మొదలయ్యాయి.

పన్నెండోసారి మార్చి తొమ్మిది, మంగళవారం, ఉదయం ఆరుంపావుకు జీపు వచ్చింది. సబ్బు చుట్టడానికి చేతికందిన పేపరు ముక్క చించాను. అందులో సర్కసు ఏనుగు పారిపోయిందన్న వార్త సగమే చదివాను. మిగతాది చదవనివ్వకుండా జీపువాళ్ళు తొందరపెట్టారు. ఏనుగు దొరికిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

"వెళ్ళొస్తా. గడియ పెట్టకు, వస్తే నిన్ను లేపాల్సి వస్తుంది," అన్నాడు అన్నయ్య.

పదో తేదీ సాయంత్రం నాలుగున్నరకే ఆయన్ని విడిచిపెట్టేశామని స్టేషన్‌లో చెప్పారు. సొంత వస్తువులన్నీ ముట్టినట్టు ఆయన సంతకం కూడా చూపించారు. తర్వాత వాయిదాకు రాలేదని ఆయన్ని పరారీలో ఉన్నవాడిగా రాసుకున్నారు. నేను గడియ పెట్టడం మానేశాను. ఇంటికి ఎవరొచ్చినా, గ్యాసుబండ తెచ్చిన మనిషి అయినా సరే, 'వెళ్తాను' అంటే కదలనివ్వను. 'వెళ్ళొస్తాను' అనిపించాకే పంపుతాను.

రిహార్సలు రోజున డైరెక్టరుగారిని ఒకే ఒక్కటి అడిగాను. రాతిమీద పుట్టిన తేదీ పక్కన రెండో తేదీ ఏం వేస్తున్నారని. అది తెలిస్తే గడియ పెట్టుకుంటాను, నాకు అంతకుమించి ఏమీ అక్కర్లేదన్నాను.

ఆయన నా ఎదురుగా కూర్చుని చాలా ఓపికగా వివరించారు. స్మారకం కట్టాలంటే మనిషి చనిపోయి ఉండాలి. చనిపోయాడంటే పోలీసుశాఖ ఒప్పుకోదు, వాళ్ళ కాగితాల్లో ఆయన ఇంకా పరుగెడుతూనే ఉన్నాడు. చివరికి న్యాయశాఖ ఒక దారి చూపించింది. స్మారక భవనం ప్రహరీగోడ లోపల ఆయన కీర్తిశేషుడు. గోడ బయట పరారీ.

"మరి తేదీ?"

"పుట్టిన తేదీ వేసి, పక్కన గీత గీసి వదిలేస్తున్నామమ్మగారూ. గీత చాలా గంభీరంగా ఉంటుంది."

వర్ధంతి తేదీ లేదు కాబట్టి ప్రారంభోత్సవాన్ని మంత్రిగారి పుట్టినరోజున పెట్టుకున్నారట. ఎవరిదో ఒకరిది ఒక తేదీ ఉండాలి కదా.

అంతలో కానిస్టేబులు వచ్చాడు. పరారీ ఫైలు పట్టుకుని ఏటా ఒకసారి వస్తాడు. అన్నయ్య కేసుకు ఇతను మూడో కానిస్టేబులు. మొదటాయన రిటైరయ్యాడు, రెండో ఆయనకు ప్రమోషను వచ్చింది. ఇతను నెమ్మదస్తుడు, అన్నయ్యంటే అభిమానం. స్మారకానికి నిలువెత్తు చిత్రం కావాలంటే, తన ఫైల్లోని 'ఆచూకీ తెలుపగలరు' ఫోటో ఇచ్చింది ఇతనే. ఆ ఫోటోలో అన్నయ్య ముఖం ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఉంటుంది. పక్కది కత్తిరించేశారు.

"పెద్దమ్మా, వచ్చాడా?"

"రాలేదు నాయనా."

"వస్తే చెప్పు. ఇక్కడ సంతకం." అలవాటు ప్రకారం మంచినీళ్ళు అడిగి, బల్లమీది సంచి చూశాడు. "ఇది నకలా? బాగా కుదిరింది. అసలుది మా స్టోరు గదిలో ఉందిగా."

నా చేతిలో చెంబు ఉంది. దాన్ని కిందపెట్టాను.

"అసలు సంచి ఉందా?" అన్నారు డైరెక్టరుగారు, కుర్చీలోంచి లేచి.

"ఎందుకు లేదండీ? ఏటా తనిఖీకి దుమ్ము దులుపుతాం. గుడ్డ సంచి ఒకటి, మూతి కట్టినది, అని రాసి ఉంటుంది."

"ఎవరూ విప్పలేదా?"

"ముట్టుకుంటే ఎందుకు ముట్టుకున్నామో రిపోర్టు రాయాలండీ. మా దగ్గర రాసే పనికి ఎవరూ ముందుకు రారు."

డైరెక్టరుగారు అతన్ని కావలించుకున్నంత పని చేశారు. ఆ సాయంత్రమే ఉత్తరం వెళ్ళింది. రెండు శాఖల మధ్య ఇంత త్వరగా పని జరగడం నేనెప్పుడూ వినలేదు. దాంతో నా కార్యక్రమం మారింది. సమయం మాత్రం మారలేదు. వేదికమీద అసలు సంచి విప్పడానికి మూడు నిమిషాలు, మళ్ళీ సర్దడానికి నాలుగు.

ప్రారంభోత్సవం నాడు ఉదయమే వెళ్ళాను. ముందు తలుపు దగ్గర 'ముఖ్యులకు మాత్రమే' అని బోర్డు పెట్టారు. నన్ను ఒక వాలంటీరు చెయ్యి పట్టుకుని ఎంతో మర్యాదగా వెనక తలుపునుంచి లోపలికి తీసుకెళ్ళింది. నాకు అలవాటైన తలుపే కాబట్టి ఎక్కడా తడబడలేదు. గేటు బయట మా కానిస్టేబులు ఫైలుతో నిలబడి ఉన్నాడు. ఊరంతా వస్తోంది కదా, అన్నయ్య కూడా వస్తే పట్టుకోమని ఆర్డరట. "గోడ లోపలికి అడుగుపెట్టాడంటే నేనేం చెయ్యలేను పెద్దమ్మా," అన్నాడు దిగులుగా.

లోపల గాజు బీరువాలో రెండు ఒకదాని పక్కన ఒకటి పెట్టారు. ఎడమవైపు, అన్నయ్య వస్తువులన్నీ తీసుకుని నాలుగున్నరకు స్టేషన్ వదిలివెళ్ళినట్టు సంతకం చేసిన కాగితం. కుడివైపు, ఆ వస్తువులున్న సంచి. రెండిటికీ కలిపి ఒకే దీపం అమర్చారు. చూసినవాళ్ళంతా వెలుతురు బాగుందన్నారు.

మంత్రిగారు నలభై నిమిషాలు మాట్లాడారు. రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నారు. రెండోసారి ఫోటో సరిగా రాలేదని తెలిసి మూడోసారి కూడా తుడుచుకున్నారు. పోలీసుశాఖను ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఒక పేదవాడి సంచిని ముప్పై ఒక్క ఏళ్ళు ముడి కూడా విప్పకుండా కాపాడిన నిజాయితీ ఏ దేశంలో ఉందని అడిగారు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో పోలీసు అధికారులు లేచి నమస్కారం చేశారు.

తర్వాత సంచి తెచ్చి నా ముందు బల్లమీద పెట్టారు. డైరెక్టరుగారు స్టాప్‌వాచీ నొక్కారు.

మూడు చుట్లు. ఎడమచేతి ముడి.

వేలితో మళ్ళీ లెక్కపెట్టాను. అన్నయ్య విప్పి కట్టుకుంటే రెండు చుట్లే వేస్తాడు, కుడివైపు. డైరెక్టరుగారు మైకుకు అందకుండా, "నవ్వుతూ అమ్మగారూ," అన్నారు.

"ముడి చూశారా?" అని మంత్రిగారిని అడిగాను.

"అద్భుతమైన ముడి," అన్నారాయన. మైకులో అందరికీ వినిపించింది.

విప్పాను. చొక్కాలు నా మడతమీదే ఉన్నాయి. తువ్వాలు మధ్యలో కళ్ళజోడు పెట్టె. అడుగున సబ్బు. కాగితం పసుపుపచ్చబడి అంచుల్లో పొడిపొడిగా రాలిపోతోంది. సబ్బు మీద కంపెనీ పేరు అక్షరాలు కొత్తగా, ఎత్తుగా, ఒక్కటీ అరగకుండా ఉన్నాయి. వేలితో తడిమి చూశాను. పక్కనే ఉన్న ఫోటోగ్రాఫరు అది చాలా మంచి పోజు అని, మళ్ళీ తడమమన్నాడు. మళ్ళీ తడిమాను.

కాగితం నాలుగు వేళ్ళమీద పరిచి మిగతా సగం వార్త చదువుకున్నాను. ఏనుగు మర్నాడు పొద్దున్నే తనంతట తాను నడిచి సర్కసు డేరాకు తిరిగి వచ్చిందట. నాకు దానిమీద ఇన్నేళ్ళూ ఎంత బెంగగా ఉండేదో.

విప్పడానికి మూడు నిమిషాలు సరిపోయాయి. సర్దడం నావల్ల కాలేదు. మిగిలిన నాలుగు నిమిషాలు మంత్రిగారే మాట్లాడి పుణ్యం కట్టుకున్నారు.

కార్యక్రమం అయ్యాక డైరెక్టరుగారు నా చేత ఒక ఫారం నింపించారు. వస్తువు స్వీకరణ పత్రం. వస్తువు పేరు, ఇచ్చినవారు, యజమానితో సంబంధం. చివరి గడిలో 'యజమాని చివరిసారి వాడిన తేదీ' అని ఉంది. అది ఖాళీగా వదిలేసినా ఫరవాలేదు, గీత గీసేస్తామన్నారు. నేను రాస్తానన్నాను. నా అక్షరాలు పెద్దవి కావడంతో గడి దాటి పక్కకు వెళ్ళాయి. ఆయన మంత్రిగారిని కారెక్కించే హడావుడిలో ఉన్నారు. ఫారం చదవకుండానే 'ప్రభుత్వం తరఫున ధ్రువీకరించడమైనది' అని గుండ్రటి ముద్ర కొట్టి, కింద సంతకం పెట్టి, నకలు నా చేతికిచ్చారు.

"వెళ్తానమ్మగారూ," అన్నారు.

నేను 'వెళ్ళొస్తాను' అనిపించకుండానే వెళ్ళనిచ్చాను.

గేటు దగ్గర కానిస్టేబులు, మీ అన్నయ్య రాలేదు పెద్దమ్మా అని చెప్పాడు. ఫారం నకలు ఫైల్లో పెట్టుకొమ్మని అతనికిచ్చాను. ప్రభుత్వ ముద్ర ఉంది కాబట్టి తీసుకోక తప్పలేదు. ఇంటికి వచ్చి తలుపు వేసి గడియ పెట్టాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా కదలక తుప్పుపట్టింది. రెండు చేతులతో తోయాల్సి వచ్చింది.

చివరి గడిలో నేను రాసింది ఇది:

వాడలేదు. మా అన్నయ్య మార్చి తొమ్మిది, మంగళవారం ఉదయం ఆరుంపావుకు వెళ్ళాడు. ఆ సాయంత్రం ఆరు గంటలకు లేడు. తిరిగి రాలేదు.