కొవ్వు గోదాము

ఆ రోజు పొద్దున పరుపుల వ్యాపారి పెట్టుకున్న పని చిన్నదే: ఇంటి నుంచి దుకాణానికి నడిచి వెళ్ళడం. ఒళ్ళు బరువెక్కి పై అంతస్తులోని గోదాముకు మెట్లెక్కలేకపోతున్నాడు. ఇకనైనా కదలకపోతే దుకాణం తన తమ్ముడికి అప్పగిస్తానని భార్య తేల్చి చెప్పింది.

డాక్టరమ్మ అతనికి అర్థమయ్యేలాగే చెప్పింది. "ఒళ్ళు ముందు గల్లాపెట్టెలోని చక్కెర ఖర్చుపెడుతుంది. ఆగకుండా నడిస్తే మెల్లగా గోదాములోని కొవ్వు కూడా తీస్తుంది. ఆయాసపడొద్దు. నడుస్తూ మాట్లాడగలగాలి, అదే లెక్క."

మాటలకు ఆ బావమరిదినే తోడు తెచ్చుకున్నాడు. వీధి నిండా మంచు, ఏకిన దూది పరిచినట్టు. వ్యాపారికి అమ్మకం తప్ప వేరే కబుర్లు రావు.

"మన దూది పరుపు మీద ఒరిగితే, ఒంటి బరువు ఎవరో అప్పుగా తీసుకుపోయినట్టు ఉంటుందిరా," అన్నాడు జోకొట్టే గొంతుతో.

రాత్రి డ్యూటీ దిగిన నర్సు ఆ గొంతు వెంట నడిచింది. ఆమె వెనక కాపలాదారు, అతని వెనక ఇంకెవరో. మంచులో వరుస పెరిగింది.

"ఎక్కడికండీ?"

"ఏమో, పరుపులంటున్నారు."

"ఊరికే ఇస్తారా?"

"ఇంతమంది పోతున్నారంటే ఊరికేగా."

ఆ మాట వ్యాపారి చెవిన పడింది. దుకాణం ఊడ్చే మనిషి ఈపాటికి తలుపులు తీసి ఉంటుంది. అడుగు పెంచాడు. వెనకవాళ్ళూ పెంచారు.

"బావా, మాట ఆగింది. లెక్క తప్పుతోంది," అన్నాడు బావమరిది రొప్పుతూ.

"మాట... పోనీ. సరుకు..."

వాళ్ళే ముందు చేరారు. పరిచి ఉన్న పరుపుల మీద తలా ఒకటి చూసుకుని ఒరిగారు. కసిరి లేపబోయిన వ్యాపారి ఆ ముఖాలు చూసి ఆగిపోయాడు. నిద్రలో ఎవరూ బేరమాడటం లేదు.

లేచినవాళ్ళు లేస్తూనే ధర అడిగారు.

మధ్యాహ్నం భార్య వచ్చేసరికి, అతను పరుపు భుజాన వేసుకుని, వాగుతూనే గోదాము మెట్లు దిగుతున్నాడు.

"ఏమండీ, మా తమ్ముడేడీ?"

"ఆ చివరి పరుపు మీద. లేపకు, అదింకా అమ్ముడుపోలేదు."

ఆమె తమ్ముడికి దుప్పటి కప్పింది. దుకాణం అప్పగించే మాట మళ్ళీ ఎత్తలేదు.

డాక్టరమ్మ చెప్పిన గోదాము ఎంత తరిగిందో తెలియదు గానీ, పై అంతస్తులోది మాత్రం సాయంత్రానికి ఖాళీ అయింది.